సికింద్రాబాద్ పరిసరాల్లో ఇంటి డిష్‌ను దిక్సూచితో సరిగా గురి పెట్టుకునే విధానం

ఎండ కాసినన్నాళ్లూ టీవీలో బొమ్మ బాగానే వస్తుంది. ముసురు పట్టగానే ‘సిగ్నల్ లేదు’ అన్న మాట తెర మీద కనిపిస్తుంది. కల్లంలో ధాన్యం ఆరబోసి, వాన ఎప్పుడు పడుతుందో తెలుసుకోవాలనుకున్న రోజే ఇలా జరుగుతుంది. చాలామంది దీన్ని వాన తప్పు అనుకుని ఊరుకుంటారు. నిజానికి ఎక్కువ ఇళ్లలో డిష్ ఒకటి రెండు డిగ్రీలు పక్కకు చూస్తూ ఉంటుంది. మబ్బు లేని రోజు ఆ కాస్త తేడా బయటపడదు. దట్టమైన వాన ఉపగ్రహం నుంచి వచ్చే తరంగాలను కొంత మింగేస్తుంది కాబట్టి, మిగులు లేని డిష్ ముందుగా చేతులెత్తేస్తుంది. భారీ వానలో ఎంత బాగా పెట్టిన డిష్ అయినా కాసేపు ఆగవచ్చు. కానీ చిన్న జల్లుకే ఆగిపోతుంటే మాత్రం డిష్ గురి చూసుకోవాలి.

ఈ పని మీరే చేసుకోవచ్చు. దిక్సూచి (మామూలు కంపాస్ చాలు), టేపు, సుద్దముక్క, తాపీ మేస్త్రి వాడే తూకం గుండు లేదా రసమట్టం, స్పానర్లు ఉంటే సరిపోతుంది. మోటారు, పైపుల కోసం రాణిగంజ్ వచ్చే రైతులకు స్పానర్లు, రసమట్టం, స్టాండు బిగించే బోల్టులు అక్కడి హార్డ్‌వేర్ దుకాణాల్లోనే దొరుకుతాయి.

ఏ ఉపగ్రహం, ఏ దిక్కు

టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. భూమితో సమానంగా తిరుగుతాయి కాబట్టి మనకు ఒకే చోట నిలిచి ఉన్నట్టు ఉంటాయి. మనం భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నాం. అందుకే మన డిష్‌లు దక్షిణం వైపో, దానికి కాస్త తూర్పుకో పడమరకో చూస్తాయి. ఏ కంపెనీ డిష్ ఎటు చూడాలన్నది ఆ ఉపగ్రహం నిలిచిన రేఖాంశాన్ని బట్టి ఉంటుంది.

సికింద్రాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఇక్కడి నుంచి లెక్క కడితే ఇలా వస్తుంది. దిక్కు కోణం అంటే ఉత్తరాన్ని సున్నాగా తీసుకుని తూర్పు మీదుగా కొలిచేది. తూర్పు 90, దక్షిణం 180. ఎత్తు కోణం అంటే నేలమట్టం నుంచి ఆకాశంలోకి కొలిచేది.

డీడీ ఫ్రీ డిష్ (93.5 డిగ్రీల తూర్పు): దిక్కు 138, ఎత్తు 63
డిష్ టీవీ (95 డిగ్రీలు): దిక్కు 135, ఎత్తు 62
డీ2హెచ్ (88 డిగ్రీలు): దిక్కు 151, ఎత్తు 67
టాటా ప్లే (83 డిగ్రీలు): దిక్కు 165, ఎత్తు 69
ఎయిర్‌టెల్ (108.2 డిగ్రీలు): దిక్కు 118, ఎత్తు 50

సరిగ్గా ఆగ్నేయం అంటే 135 డిగ్రీలు. కాబట్టి ఫ్రీ డిష్, డిష్ టీవీ పెట్టుకున్నవారికి డిష్ ముఖం ఆగ్నేయ మూలకు ఉండాలని గుర్తు పెట్టుకుంటే చాలు. టాటా ప్లే దాదాపు దక్షిణానికి, ఎయిర్‌టెల్ ఆగ్నేయానికీ తూర్పుకీ మధ్య చూస్తాయి. అయితే ఇంటి ఆగ్నేయ మూలను చూసి డిష్ తిప్పకండి. ప్లాటు దిక్కులకు కాస్త తిరిగి ఉండటం మామూలే. గోడలు రోడ్డును బట్టి లేస్తాయి, ఉపగ్రహానికి వాస్తుతో పని లేదు.

డీడీ ఫ్రీ డిష్ 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. డిష్, బాక్స్ ఒకసారి కొనుక్కుంటే నెలనెలా కట్టేది ఏమీ లేదు. 2015 మే 26న మొదలైన డీడీ కిసాన్ ఇందులో వస్తుంది. బిగించడానికి కంపెనీ మనిషి రాడు కాబట్టి దిక్సూచి అవసరం ఎక్కువగా పడేది ఫ్రీ డిష్ వారికే. కింది వివరాలన్నీ దాన్ని దృష్టిలో పెట్టుకునే ఇస్తున్నాం. మిగతా కంపెనీల డిష్‌కు పైన ఇచ్చిన అంకెలు మార్చుకుంటే పద్ధతి అదే.

ఇంకో ఊళ్లో ఉన్నవారు సికింద్రాబాద్ అంకెలు వాడకూడదు. ఫ్రీ డిష్‌కు ఆదిలాబాద్‌లో దిక్కు 141, ఎత్తు 61. విజయవాడలో 141, 66. విశాఖపట్నంలో 149, 66. శ్రీకాకుళంలో 152, 66. తిరుపతిలో 133, 67. అనంతపురంలో 132, 65. హైదరాబాద్ వారు తీసిన వీడియో చూసి శ్రీకాకుళంలో డిష్ తిప్పితే దిక్కు 13 డిగ్రీలకు పైగా తప్పుతుంది. ఎంతసేపు వెతికినా బొమ్మ రాదు.

ఒక ముచ్చట. మన పల్లెల్లో ఉపగ్రహ టీవీ కొత్తది కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ‘సైట్’ ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు వ్యవసాయం, ఆరోగ్యం మీద కార్యక్రమాలు అందాయి. అప్పటి అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ఉన్నది 35 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. అందువల్ల ఆ పల్లెల్లోని, కోళ్ల జాలీతో చేసిన పదడుగుల డిష్‌లు దాదాపు పడమరకు తిరిగి ఉండేవి. పాత ఫోటోల్లో అవి ఎటు చూస్తున్నాయో చూసి మన డిష్ పెట్టుకుంటే కుదరదు.

దిక్సూచి ఎక్కడ తప్పు చెబుతుంది

దిక్సూచి ముల్లు చూపేది భూమి అయస్కాంత ఉత్తరాన్ని. అసలు ఉత్తరానికీ దానికీ కొంత తేడా ఉంటుంది. అమెరికాలో కొన్నిచోట్ల ఈ తేడా 10 డిగ్రీలు దాటుతుంది. అందుకే విదేశీ పుస్తకాల్లో దీని గురించి పెద్ద హెచ్చరిక ఉంటుంది. మన తెలుగు రాష్ట్రాల్లో ఈ తేడా చాలా చిన్నది, ఒకటి ఒకటిన్నర డిగ్రీకి మించదు. దీన్ని పట్టించుకోకుండా పని మొదలుపెట్టవచ్చు.

మన దగ్గర దిక్సూచిని చెడగొట్టేది ఇనుము. రేకుల షెడ్డు, నీళ్ల ట్యాంకు స్టాండు, మోటార్ సైకిల్, ట్రాక్టర్, మెట్ల పక్క ఇనుప కమ్మీలు, శ్లాబులోని కడ్డీలు, చివరికి డిష్ స్టాండు కూడా ముల్లును లాగుతాయి. దిక్సూచిని తీసుకెళ్లి డిష్ గుంజకే ఆనించి చూడటం అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు. 10, 20 డిగ్రీల తేడా అక్కడే వస్తుంది.

అందుకే దిక్సూచిని ఇనుముకు కనీసం రెండు మూడు మీటర్ల దూరంలో పెట్టి చూడాలి. శ్లాబు మీద నేలకు ఆనించకుండా ఛాతీ ఎత్తున మట్టంగా పట్టుకోవాలి. చేతి గడియారం, తాళాల గుత్తి, జేబులో ఫోన్ ఉంటే తీసి పక్కన పెట్టండి. ఇంకా మంచిది, డాబా దిగి పెరట్లోనో చేలోనో ఖాళీ జాగాలో చూసుకోవడం.

ఫోన్‌లోని దిక్సూచి వాడేవారు వెనక కవరు తీసేయాలి. చాలా కవర్లలో మూత పట్టి ఉంచడానికి అయస్కాంతం ఉంటుంది. ఫోన్‌ను గాలిలో ఎనిమిది అంకె ఆకారంలో నాలుగైదుసార్లు తిప్పి, తర్వాత చూడాలి. కొన్ని తక్కువ ధర ఫోన్లలో దిక్సూచి పరికరమే ఉండదు, యాప్ మాత్రం ఏదో ఒక అంకె చూపిస్తూ ఉంటుంది. నిలబడి నెమ్మదిగా ఒక చుట్టు తిరిగితే అంకె సున్నా నుంచి 360 వరకు సాఫీగా మారాలి. మారకపోతే ఆ ఫోన్‌ను నమ్మవద్దు.

మీ దిక్సూచి నిజం చెబుతోందో లేదో తేల్చుకోవడానికి సర్వేయర్లు వాడే పద్ధతి ఒకటి ఉంది. పది పదిహేను అడుగుల దూరంలో రెండు గుర్తులు పెట్టండి. మొదటి గుర్తు దగ్గర నిలబడి రెండోదాని దిక్కు కోణం చూడండి. తర్వాత రెండోదాని దగ్గరికి వెళ్లి మొదటిదాని కోణం చూడండి. రెండింటికీ తేడా సరిగ్గా 180 ఉండాలి. అక్కడ 40 వస్తే ఇక్కడ 220 రావాలి. 220కి బదులు 228 వచ్చిందంటే ఏదో ఒక చోట ఇనుము ఉంది, జాగా మార్చండి. ఈ పరీక్షకు రెండు నిమిషాలు పడుతుంది. దీన్ని మాత్రం వదలకండి.

దిక్సూచి లేకపోతే ఎండే దిక్సూచి. మన వాస్తు గ్రంథాల్లో దిక్కులు తేల్చడానికి చెప్పిన శంకువు పద్ధతి ఇదే. మట్టమైన నేలలో నిటారుగా ఒక కర్ర నాటండి. ఉదయం పదింటి ప్రాంతంలో నీడ కొన దగ్గర గుర్తు పెట్టి, అంతే పొడవున్న తాడుతో కర్ర చుట్టూ వలయం గీయండి. మధ్యాహ్నం తర్వాత నీడ కొన మళ్లీ ఆ వలయాన్ని తాకిన చోట రెండో గుర్తు పెట్టండి. మొదటి గుర్తు పడమర, రెండోది తూర్పు. ఆ గీతకు అడ్డంగా, తాపీ మేస్త్రులు పునాది మూల చూసుకునే 3-4-5 లెక్కతో గీసేది ఉత్తర దక్షిణ గీత.

పన్నెండు గంటల నీడను నమ్ముకోవద్దు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది. సికింద్రాబాద్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది సగటున 12.16కి, ఫిబ్రవరిలో అయితే 12.30కి. పైగా ఇక్కడ మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం నీడే ఉండదు. ఆ మధ్య రోజుల్లో నీడ దక్షిణానికి పడుతుంది.

నేల మీద గీత గీసుకోవడం

కోణాలు కొలిచే పరికరం లేకుండానే టేపుతో దిక్కు గీసుకోవచ్చు. ముందుగా, పైన చెప్పినట్టు ఇనుముకు దూరంగా తేల్చుకున్న ఉత్తర దక్షిణ గీతకు సమాంతరంగా తాడు లాగి, డిష్ గుంజ మొదలు మీదుగా సుద్దతో గీత గీయండి. గుంజ నుంచి దక్షిణానికి 100 సెంటీమీటర్లు కొలవండి. అక్కడి నుంచి మూలమట్టంగా తూర్పుకు 90 సెంటీమీటర్లు కొలిచి గుర్తు పెట్టండి. గుంజ మొదలు నుంచి ఆ గుర్తుకు గీసిన గీతే ఫ్రీ డిష్ దిక్కు. డిష్ చేయి, అంటే ఎల్‌ఎన్‌బీని పట్టుకున్న కడ్డీ, ఈ గీత మీదుగా ఉండాలి. టాటా ప్లేకు తూర్పుకు 26 సెంటీమీటర్లు, డీ2హెచ్‌కు 56, డిష్ టీవీకి 99, ఎయిర్‌టెల్‌కు 190. దక్షిణానికి మాత్రం అన్నిటికీ 100.

ఈ అంకెలు సికింద్రాబాద్, హైదరాబాద్ చుట్టుపక్కల ముప్పై నలభై కిలోమీటర్ల వరకు పనికొస్తాయి. ఆపైన ఒక డిగ్రీ అటూఇటూ అవుతుంది, వెతికేటప్పుడు అది సర్దుకుంటుంది.

గుంజ నిటారుగా లేకపోతే అంతా వృథా

దిక్సూచి గురించి ఇంత చెప్పాక ఇది వింతగా అనిపించవచ్చు. మన ప్రాంతంలో దిక్కు కంటే ఎత్తు కోణానికే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఉపగ్రహం 63 డిగ్రీల ఎత్తున, దాదాపు నెత్తి మీదికి వచ్చినట్టు ఉంటుంది. అంత ఎత్తులో దిక్కు 3 డిగ్రీలు తప్పినా ఆకాశంలో జరిగే తేడా డిగ్రీన్నర లోపే. ఎత్తులో 3 డిగ్రీలు తప్పితే మాత్రం ఆ 3 డిగ్రీలూ తప్పినట్టే. 60 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు మొత్తం సుమారు 3 డిగ్రీలు. నడిమి నుంచి డిగ్రీన్నర జరిగితే సిగ్నల్ సగానికి పడిపోతుంది.

స్టాండు మీద ఎత్తు కోణానికి అంకెలు చెక్కి ఉంటాయి. గుంజ నిటారుగా ఉంటేనే ఆ అంకెలు నిజం. గుంజ 2 డిగ్రీలు వాలితే మీరు 63 దగ్గర బిగించినా డిష్ 61 దగ్గరో 65 దగ్గరో ఉంటుంది. పైగా డిష్‌ను పక్కకు తిప్పినకొద్దీ ఎత్తు కూడా మారిపోతుంది. ఎటు తిప్పాలో అర్థం కాక విసుగొచ్చేది ఇందువల్లే. తూకం గుండుతో దక్షిణం వైపు నుంచి ఒకసారి, తూర్పు వైపు నుంచి ఒకసారి చూసి గుంజను సరిచేయండి. ఒకవైపే చూస్తే చాలదు. రసమట్టమైనా ఇలాగే రెండు వైపులా పెట్టాలి.

డిష్ ముఖం చూసి కంగారు పడవద్దు. ఇళ్లకు వాడే డిష్‌లలో ఎల్‌ఎన్‌బీ నడిమధ్యన కాక కింది వైపు ఉంటుంది. ఇలాంటి డిష్ తన ముఖం చూపే దానికంటే సుమారు 20 నుంచి 26 డిగ్రీలు పైకి చూస్తుంది. అందుకే 63 డిగ్రీలకు పెట్టిన డిష్ పళ్లెంలా ఆకాశానికి తెరుచుకుని ఉండదు. నిటారు నుంచి సుమారు 40 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. ముఖం ఉపగ్రహానికి ఎదురుగా లేదని ఇంకా వెనక్కి వంచేవారు ఉన్నారు. అలా చేస్తే వాననీళ్లు నిలవడం తప్ప లాభం లేదు.

ఎల్‌ఎన్‌బీ మెలిక, సిగ్నల్ వెతకడం

ఎల్‌ఎన్‌బీని కూడా కొంత తిప్పి బిగించాలి. మెడ మీద ఏ గుర్తూ లేకపోతే కేబుల్ మూతిని నేరుగా కిందికి పెట్టి మొదలుపెట్టండి. డిష్ వెనక నిలబడి ఉపగ్రహం వైపు చూస్తూ, గడియారం ముల్లు తిరిగే దానికి ఎదురుగా సుమారు 40 డిగ్రీలు తిప్పండి. డిష్‌కు ఎదురుగా నిలబడి చూస్తే కేబుల్ మూతి గడియారంలో ఏడు దాటిన చోట కనిపించాలి. ఇది ఫ్రీ డిష్ లెక్క.

ఇప్పుడు ఎత్తు 63 దగ్గర బిగించి, దిక్కు బోల్టు కాస్త వదులు చేసి, గీతకు ఒక పక్క 8 డిగ్రీల దూరం నుంచి రెండో పక్క 8 డిగ్రీల వరకు డిష్‌ను నెమ్మదిగా తిప్పండి. డిష్ అంచు 5 మిల్లీమీటర్లు కదిలితే ఒక డిగ్రీ. అంతంత మాత్రమే జరిపి, ప్రతిసారీ మూడు నాలుగు సెకన్లు ఆగండి. బాక్స్ సిగ్నల్‌ను గుర్తుపట్టడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. కింద టీవీ దగ్గర ఒకరుండి అంకె చెబుతూ ఉండాలి. ఒక చుట్టులో దొరకకపోతే ఎత్తు ఒక డిగ్రీ పెంచి, తర్వాత తగ్గించి మళ్లీ వెతకండి.

టీవీలో రెండు గీతలు కనిపిస్తాయి. ‘స్ట్రెంత్’ గీత కేబుల్, ఎల్‌ఎన్‌బీ పనిచేస్తున్నాయని చెబుతుంది. డిష్ ఖాళీ ఆకాశం చూస్తున్నా అది ఎంతోకొంత ఉంటుంది. చూడాల్సింది ‘క్వాలిటీ’ గీత. స్ట్రెంత్ బాగా పెరిగి క్వాలిటీ సున్నా దగ్గరే ఉంటే డిష్ పక్క ఉపగ్రహాన్ని పట్టిందని అనుమానించాలి. 93.5, 95 డిగ్రీల ఉపగ్రహాల మధ్య ఇక్కడి దిక్కు తేడా 3 డిగ్రీలే. అప్పుడు డిష్‌ను దక్షిణం వైపు కొద్దిగా జరిపి, ఎత్తు ఒక డిగ్రీ పెంచి చూడండి.

బొమ్మ వచ్చాక ఆగవద్దు

బొమ్మ రాగానే బోల్టులు బిగించి దిగిపోవడం వల్లే వానాకాలం ఇబ్బంది వస్తుంది. క్వాలిటీ అంకె చూస్తూ డిష్‌ను తూర్పుకు జరపండి. బొమ్మ పోయే చోట గుంజ మీద పెన్సిల్ గుర్తు పెట్టండి. తర్వాత దక్షిణం వైపు జరిపి, మళ్లీ పోయే చోట ఇంకో గుర్తు. రెండు గుర్తులకూ సరిగ్గా నడుమ డిష్‌ను నిలపండి. ఎత్తుకు కూడా ఇలాగే పైన, కింద అంచులు చూసి నడుమ బిగించండి. అంకె ఎక్కడ పెద్దదిగా ఉందో కంటితో వెతకడం కంటే ఈ పద్ధతి నమ్మకమైనది.

కొన్ని బాక్సుల్లో చాలా దూరం వరకు అంకె మారదు. అప్పుడు ఎల్‌ఎన్‌బీ మూతి మీద తడి గుడ్డ కప్పండి. సిగ్నల్ వానలో పడ్డట్టే పడిపోతుంది. ఆ స్థితిలో నడిమి చోటు వెతికి బిగించి, గుడ్డ తీసేయండి. బోల్టులు ఒకటి మార్చి ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక్కసారే బిగిస్తే డిష్ జరిగిపోతుంది. బిగించాక గుంజ మీద, స్టాండు మీద ఒకే గీత పెయింటుతో గీసి ఉంచండి. కోతులు ఊగి తిప్పేసినా, గాలివానకు కదిలినా ఆ గీత కలిపితే చాలు, మళ్లీ మొదటి నుంచి చేయనక్కరలేదు.

చెట్లు, తీగలు, ఎండ

ఉపగ్రహం ఎత్తున ఉండటం వల్ల మనకు ఒక లాభం ఉంది. చెట్టు డిష్ కంటే ఎంత ఎత్తు ఉందో అందులో సగానికి మించిన దూరంలో డిష్ ఉంటే ఫ్రీ డిష్‌కు అడ్డం రాదు. డిష్ కంటే 10 మీటర్లు ఎత్తున్న వేపచెట్టుకు 6 మీటర్ల దూరం చాలు. ఎయిర్‌టెల్‌కు మాత్రం అదే చెట్టుకు 9 మీటర్లు కావాలి. ఎండాకాలంలో పెట్టేటప్పుడు కొమ్మలు చిగురించాక ఎక్కడికి వస్తాయో కూడా చూసుకోండి.

కరెంటు తీగలకు అందేంత దగ్గరలో డిష్ పెట్టవద్దు. గుంజను మోసేటప్పుడు, నిలబెట్టేటప్పుడు తీగ తగిలి ప్రాణాలు పోతాయి. తడి డాబా మీద, గాలి వీచేటప్పుడు ఈ పని చేయకండి. పిట్టగోడ లేని డాబా అయితే ఇంకొకరు తోడుండాలి. ఉరుములు మొదలైతే బాక్స్ వెనక కేబుల్, ప్లగ్గు రెండూ తీసేయండి. గుంజకు ఎర్తింగ్ తీగ వేయించడం మంచిది.

మార్చి రెండో వారం చుట్టూ, మళ్లీ సెప్టెంబరు చివర, అక్టోబరు మొదటి రోజుల్లో ఉదయం 10.45 నుంచి 11.30 మధ్య కొన్ని నిమిషాలు ఫ్రీ డిష్ బొమ్మ పోవచ్చు. ఆ సమయంలో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనకకు వస్తాడు, ఆ వేడి తరంగాల్లో సిగ్నల్ మునిగిపోతుంది. నాలుగైదు రోజులు ఇలా జరిగి దానంతటదే ఆగుతుంది. అప్పుడు డిష్‌ను ముట్టుకోకండి.